చిత్తూరు బార్ నుంచి సభాపతి పీఠానికి
(మాడభూషి అనంతశయనం అయ్యంగార్ స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



అనంతశయనం అయ్యంగార్ గారి పేరు మన ప్రాంతంలో విననివారు తక్కువ. లోక్‌సభ స్పీకరుగా చేశారంటాం, బీహారు గవర్నరుగా చేశారంటాం. అంతటితో ఆగిపోతాం. ఆ కుర్చీల్లో కూర్చుని ఆయన చేసిన పనేమిటి అని ఎవరైనా నిలదీస్తే మనలో చాలామంది నీళ్లు నమలాల్సిందే. ఈ సాయంత్రం ఆ పని గురించే మాట్లాడదామని వచ్చాను. మన వృత్తిలో ముందు కేసేమిటో చెప్పి ఆ తర్వాత సాక్ష్యంలోకి దిగుతాం కదా, అలాగే చేస్తాను. బలం లేనివాడికి నియమమే అండ అనే సంగతి జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసిన ప్రతి వకీలుకూ తెలుసు. అయ్యంగార్ గారు ఆ తెలివిడిని ఢిల్లీకి పట్టుకెళ్లారు. ఆయన చట్టసభ జీవితంలో నిలిచిన పనులన్నీ దాని మీదే నిలిచాయి. దాన్ని కొంత సడలించిన సందర్భమూ ఒకటుందని నా అభిప్రాయం. అదీ దాచను.

ఆయన 1891 ఫిబ్రవరి 4న తిరుచానూరులో పుట్టారు. తిరుపతి దేవస్థానం హైస్కూల్లో చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పట్టా పుచ్చుకుని, లా కాలేజీలో 1913లో బి.ఎల్. పూర్తి చేశారు. మధ్యలో కొంతకాలం లెక్కల మాస్టారుగా పనిచేశారు. 1915లో ప్రాక్టీసు మొదలుపెట్టారు.

ఆ నాటికి చిత్తూరు జిల్లా వయసు నాలుగేళ్లు. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తీసుకుని, కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు, కంగుంది జమీందారీలను చేర్చి జిల్లా కట్టారు. కోర్టు ఆవరణలో తెలుగు, తమిళం, ఉర్దూ మూడూ వినిపించేవి. కక్షిదారులు ఎలాంటివారో ఊహించుకోవడం కష్టం కాదు. జమీందారు శిస్తు పెంచాడని, పట్టా ఇవ్వలేదని 1908 ఎస్టేట్ ల్యాండ్ చట్టం పట్టుకుని పోరాడే రైతులు, చెరువు కింద నీటి వంతు కోసం తరతరాలుగా దావా నడిపే కుటుంబాలు, ఇనాం భూముల తగాదాలు, మఠాల తగాదాలు. తిరుమల ఆలయ పాలన అప్పటికింకా హథీరాంజీ మఠం మహంతుల చేతిలోనే ఉంది. 1933 చట్టంతో గానీ అది కమిటీ పాలన కిందికి రాలేదు. అలాంటి చోట చిన్న వకీలు దగ్గరికి వచ్చే కక్షిదారుకి డబ్బు ఉండదు, పలుకుబడి ఉండదు. అవతలి పక్షానికి మద్రాసు నుంచి పెద్ద వకీలు వస్తాడు. ఇవతలివాడికి మిగిలేది ఒక్కటే: నోటీసు సరిగ్గా ఇచ్చారా లేదా, గడువు దాటిందా లేదా, పత్రం రుజువైందా లేదా. ప్రొసీజరు అని మనం విసుక్కుంటాం గానీ, పేదవాడి కేసు నిలబడేదీ పడిపోయేదీ చాలాసార్లు దాని మీదే. సహాయ నిరాకరణ రోజుల్లో ఏడాది పాటు ప్రాక్టీసు మానుకున్నదీ, తర్వాత చిత్తూరు బార్ సంఘానికి అధ్యక్షుడైనదీ కలుపుకుంటే, 1934లో ఢిల్లీ వెళ్లేనాటికి దాదాపు రెండు దశాబ్దాలు ఆయన ఈ వాతావరణంలో గడిపారు.

ఆ ఏడాది కేంద్ర శాసనసభకు జరిగిన ఎన్నికల్లో దత్త మండలాలు, చిత్తూరు కలిపి ఒకే నియోజకవర్గం. అంటే ఇవాళ్టి రాయలసీమ ఇంచుమించు అంతా. ఓటు హక్కు ఆస్తిపరులకే. అక్కణ్నుంచి గెలిచి నలభై మూడేళ్ల వయసులో ఆయన ఢిల్లీ చేరారు.

ఆ సభ ఎలాంటిదో విద్యార్థులు తెలుసుకోవాలి. మొత్తం 145 మంది. ఎన్నికైనవారు 104 మంది, మిగిలిన 41 మంది ప్రభుత్వం నియమించినవారు, అందులో ఎక్కువమంది అధికారులు. బడ్జెట్‌లో సైన్యం ఖర్చు మీద సభకు ఓటు లేదు. మిగిలిన వాటి మీద ఓటు వేసి తోసిపుచ్చినా గవర్నర్ జనరల్ సర్టిఫై చేసి చట్టం చేసుకోవచ్చు. ఆ ఏళ్లలో ఫైనాన్స్ బిల్లుల విషయంలో జరిగింది అదే. సభ కాదనడం, వైస్రాయి సంతకం పెట్టడం. గెలిచినా గెలుపు లేని చోటు అది. కాంగ్రెస్ పక్షానికి నాయకుడు భూలాభాయ్ దేశాయ్, బొంబాయి బార్‌లో మహామహుడు. పక్కన సత్యమూర్తి, గోవింద వల్లభ పంత్. మన వైపు నుంచి ఎన్.జి. రంగా, వి.వి. గిరి. అవతల స్వతంత్ర పక్షంలో జిన్నా. ఇంతమంది వక్తల మధ్య చిత్తూరు వకీలు దేనితో నెగ్గుకొచ్చాడు?

ప్రశ్నతో. ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకోవడం వైస్రాయి కౌన్సిల్ సభ్యుడికి కూడా తేలిక కాదు. ఓటు వృథా పోవచ్చు గానీ, ప్రశ్నకు వచ్చిన జవాబు రికార్డులో ఉండిపోతుంది. అయ్యంగార్ గారు లెక్కల మాస్టారు, ఆపైన వకీలు. ఖర్చు పద్దులు చదవడం ఆయనకు భారం కాదు. ఒక ప్రశ్న వేసి, వచ్చిన జవాబులో వదులుగా ఉన్న పోగు పట్టుకుని అనుబంధ ప్రశ్న వేయడం, దాని మీద ఇంకొకటి. క్రాస్ ఎగ్జామినేషన్ చేసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. మంచి క్రాస్‌లో ప్రశ్న పొట్టిగా ఉంటుంది. ఒక ప్రశ్నలో ఒకే సంగతి ఉంటుంది. సాక్షి అవునో కాదో అనక తప్పదు. నాలుగో ప్రశ్నకి వచ్చేసరికి మొదటి జవాబు అతని మెడకే చుట్టుకుంటుంది. వక్తృత్వం కంటే ఈ ఓపిక వల్లే ఆయనకు ఢిల్లీలో పేరొచ్చింది. ఆయన్ని ‘ఎమ్డెన్’ అన్నారు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టి మాయమైపోయిన జర్మన్ నౌక పేరది. మద్రాసులో పెద్దవాళ్లు గడుసు మనిషిని ఆ పేరుతోనే పిలిచేవారు. ఆయన ప్రశ్న ఎక్కణ్నుంచి వచ్చి ఎక్కడ తాకుతుందో తెలియదు కాబట్టి ఆయనకూ ఆ పేరు అతికింది.

తర్వాత వ్యక్తి సత్యాగ్రహం, క్విట్ ఇండియా, రెండు విడతల జైలు. ఆ కథ స్వాతంత్ర్య సమర చరిత్రలో ఉంది, మీకు తెలుసు. నేను నేరుగా రాజ్యాంగ సభలోకి వస్తాను. నా దృష్టిలో ఆయన్ని చదవాల్సిన చోటు అది.

ముందు 1948 ఏప్రిల్ 3. గాంధీజీ హత్య జరిగి రెండు నెలలు దాటింది. రాజ్యాంగ సభ అప్పుడు చట్టసభగా కూడా పనిచేస్తోంది. ఆ రోజు అయ్యంగార్ గారు ఒక తీర్మానం ప్రతిపాదించారు. మతం, జాతి, కులం పేరుతో సభ్యత్వం ఇచ్చే, నిరాకరించే సంస్థలు మత, సాంస్కృతిక, సామాజిక, విద్యా అవసరాలకు మించి ఏ కార్యకలాపాల్లోనూ దిగకూడదని, అందుకు కావలసిన శాసన, పాలనా చర్యలన్నీ తీసుకోవాలని దాని సారాంశం. నెహ్రూ ప్రభుత్వం తరఫున సమ్మతించారు. సభ ఆమోదించింది. తీర్మానం పెట్టినది ఎవరో గుర్తుంచుకోండి. తిరుచానూరు అయ్యంగార్. నుదుట నామంతో, నిత్యానుష్ఠానంతో బతికిన శ్రీవైష్ణవుడు. గుడి నీడన పెరిగిన మనిషి గుడినీ రాజకీయ పార్టీనీ వేరు చేయాలని అడిగాడు. మతం మీద గౌరవం లేక అడిగిన మాట కాదది, గౌరవం ఉండి అడిగింది. ఆ తీర్మానం పూర్తి స్థాయి చట్టంగా ఎన్నడూ మారలేదు. ఎన్నికల చట్టంలో కొన్ని సెక్షన్లుగా చెదిరిపోయింది. మన ఊరి మనిషి తెచ్చిన తీర్మానం మన ఊరి పాఠశాలల్లో ఒక్క పిల్లవాడికీ తెలియదు. అది నాకు బాధ.

రెండోది అదే ఏడాది డిసెంబరులో వాక్ స్వాతంత్ర్యం మీద జరిగిన చర్చ. ముసాయిదా రాజ్యాంగంలో ఆ హక్కుకు పెట్టిన పరిమితుల్లో రాజద్రోహం కూడా ఉంది. దాన్ని తీసేయాలని కె.ఎం. మున్షీ సవరణ తెచ్చారు. అయ్యంగార్ గారు లేచి దాన్ని గట్టిగా సమర్థించారు. పాత పాలనలో ఆ మాట ఎంత అసహ్యంగా మారిపోయిందో చెప్పారు. ప్రభుత్వాన్ని మాటలతో విమర్శించడం, రాజ్యాంగబద్ధంగా దించాలని జనాన్ని కూడగట్టడం పౌరుడి హక్కని, రాజ్యాన్నే బలప్రయోగంతో కూలదోసే ప్రయత్నం దగ్గరే గీత గీయాలని వాదించారు. ఈ మాటలు అంటున్నది అధికార పక్షం సభ్యుడు. రేపటి ప్రభుత్వం తమదే అని తెలిసిన మనిషి. ఆ ఆయుధం ఇక తమ చేతిలో ఉంటుందని తెలిసీ వద్దన్నాడు.

రాజ్యాంగంలో ఆ మాట పోయింది. శిక్షాస్మృతిలోని రాజద్రోహం సెక్షన్ 124-ఎ మాత్రం పోలేదు. 1962 జనవరిలో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది, హింసకు పురికొల్పే మాటలకే అని పరిమితం చేసి. 2022 మేలో అదే కోర్టు దాన్ని పక్కన పెట్టమంది. 2024 జులై 1న కొత్త న్యాయ సంహితతో ఆ సెక్షన్ పేరు పోయి, 152వ సెక్షన్ వచ్చింది. పాత దాని కంటే అది ఇరుకో వెడల్పో కోర్టులు తేల్చాలి. ఆ కేసులు వాదించబోయే విద్యార్థులు ఇక్కడ ఉన్నారు. మీరు వాదనకు వెళ్లే ముందు 1948 డిసెంబర్ చర్చల్లో మన చిత్తూరు వకీలు ఏమన్నాడో చదివి వెళ్లండి. అది బెంచ్ ముందు పెట్టదగ్గ మాట.

రాజ్యాంగ సభలోనే గ్రామ పంచాయతీల కోసం పట్టుబట్టినవారిలోనూ ఆయన ఉన్నారు. గ్రామం మీద అంబేడ్కర్ గారి అభిప్రాయం ఎంత కఠినమో మీకు తెలుసు. గ్రామాన్ని పాలనకు పునాది చేయాలన్నవారు ఆయనతో తలపడ్డారు. చివరికి సభ్యుడు కె. సంతానం తెచ్చిన సవరణతో 40వ అధికరణం వచ్చింది, ఆదేశిక సూత్రంగా మాత్రమే. ఈ వాదంలో నేను పూర్తిగా అయ్యంగార్ గారి పక్షం కాదు. ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరిని గడప దాటనివ్వరో అంబేడ్కర్ గారు అనుభవించి చెప్పారు. అయినా, దాదాపు నాలుగున్నర దశాబ్దాలు గడిచాక 73వ సవరణ రిజర్వేషన్లతో కలిపి పంచాయతీలను నిలబెట్టినప్పుడు ఆ ఇద్దరి మాటా కొంత కొంత నెగ్గింది.

ఇప్పుడు పీఠం దగ్గరికి వస్తాను. 1948 నుంచి డిప్యూటీ స్పీకరు. 1952లో తిరుపతి నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికై మళ్లీ డిప్యూటీ స్పీకరు. 1956 ఫిబ్రవరి 27న స్పీకరు మవలంకర్ గారు పదవిలో ఉండగానే కన్నుమూశారు. మార్చి 8న అయ్యంగార్ గారు స్పీకరయ్యారు. 1957లో చిత్తూరు నుంచి గెలిచి 1962 దాకా కొనసాగారు.

ఎస్టిమేట్స్ కమిటీ 1950లో పుట్టింది. తొలి అధ్యక్షుడు ఆయనే. మంత్రిత్వ శాఖ ఇంత డబ్బు అడిగింది, అంత అవసరమా, తక్కువలో అదే పని అవదా అని కాగితాలు ముందేసుకుని అధికారుల్ని అడిగే కమిటీ అది. కెమెరాలు లేవు, ప్రేక్షకులు లేరు, ఉపన్యాసాలు లేవు. లెక్కలు, ప్రశ్నలు. పార్లమెంటు పని అంటే సభలో గొంతు పెంచడం అనుకునే ఈ కాలంలో ఈ మాట చెప్పాలి: ప్రజల డబ్బు కాపాడే పని చాలామటుకు ఆ మూసిన తలుపుల వెనక బల్ల దగ్గరే జరుగుతుంది.

డిప్యూటీ స్పీకరుగా ఆయన ఎదుర్కొన్న అసలైన పరీక్ష 1954 డిసెంబర్ 18. స్పీకరు మవలంకర్‌ను పదవి నుంచి తొలగించాలని ప్రతిపక్షం తీర్మానం తెచ్చింది. స్వతంత్ర భారతంలో అలాంటిది అదే మొదటిది. 96వ అధికరణం ప్రకారం తన మీద వచ్చిన తీర్మానం నడుస్తుండగా స్పీకరు అధ్యక్షత వహించకూడదు. కాబట్టి పీఠంలో అయ్యంగార్ గారు కూర్చున్నారు. బెంచీల మీద అధికార పక్షానికి కొండంత మెజారిటీ. తీర్మానం వీగిపోతుందని అందరికీ తెలుసు. అలాంటప్పుడు రెండు మాటలతో ముగించేయడం ఎంత తేలిక. నెహ్రూ లేచి, సమయంలో ఎక్కువ భాగం ప్రతిపక్షానికే ఇవ్వమని పీఠాన్ని కోరారు. కృపలానీ, ఎ.కె. గోపాలన్ లాంటివారు స్పీకరు మీద చెప్పదలచుకున్నది చెప్పారు. తీర్మానం ఓడిపోయింది. తమ సభాపతి మీద అభియోగాన్ని సభ మొదటి నుంచి చివరిదాకా విన్నది. ప్రధాని ఔదార్యాన్ని మనం పొగుడుతుంటాం, పొగడవలసిందే. ఆ రోజు పీఠంలో ఉన్న మనిషి ఇరుపక్షాలకూ నమ్మకం కలిగేలా సభ నడపకపోతే ఆ ఔదార్యం గాలిలో కలిసిపోయేది.

స్పీకరయ్యాక, 1957 డిసెంబర్ 16. జీవిత బీమా సంస్థ కొత్తగా జాతీయమైంది. పాలసీదార్ల డబ్బులోంచి కోటి రూపాయలకు పైగా పెట్టి వ్యాపారి హరిదాస్ ముంధ్రా కంపెనీల షేర్లు కొన్నారు. ఆ కంపెనీల పరిస్థితి అప్పటికే బాగోలేదు. సభలో ప్రశ్నలు మొదలయ్యాయి. జవాబులు ఒకదానికొకటి పొసగలేదు. ఆ రోజు ఫిరోజ్ గాంధీ లేచి చర్చ మొదలుపెట్టారు. ఆయన కాంగ్రెస్ సభ్యుడు, ప్రధాని అల్లుడు. ఇరకాటంలో పడింది ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి. పీఠంలో ఉన్నదీ కాంగ్రెస్ మనిషే. ప్రజాప్రయోజనం పేరు చెప్పి, సంస్థ స్వతంత్రం అని చెప్పి చర్చను నొక్కేయడానికి సాకులకు కొరత లేదు. చర్చ జరగనిచ్చారు. ఆ తర్వాత వేసిన ఛాగ్లా గారి ఏకసభ్య కమిషన్ బొంబాయిలో జనం మధ్య బహిరంగంగా విచారణ జరిపింది. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశారు. ప్రశ్న వేసిన ఘనత ఫిరోజ్ గాంధీది. ప్రశ్నకు దారి ఇచ్చినది మాత్రం, పాతికేళ్ల కిందట అదే ఢిల్లీలో దొరతనాన్ని ప్రశ్నలతో విసిగించిన మనిషి. ప్రశ్న విలువ తెలిసినవాడు పీఠంలో ఉండటం ఆ రోజు దేశం అదృష్టం.

మన జిల్లాకు సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. సరిహద్దు తగాదాలో మధ్యవర్తి పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం ఆంధ్ర, మద్రాసు సరిహద్దులు మార్చే చట్టం 1959లో ఆ లోక్‌సభలోనే అయింది. 1960 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మన నుంచి పోయింది, చెంగల్పట్టు వైపు నుంచి సత్యవేడు ప్రాంతం వచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడ ఎంత ఆవేశం ఉండేదో పెద్దవాళ్లు చెబితే విన్నాను. చిత్తూరు ఎం.పి. సభలోనే ఉన్నాడు, పీఠంలో. స్పీకరు వాదించడు. ఓట్లు సమానమైతే తప్ప ఓటు వేయడు. తన జిల్లా ఆకారం మారుతున్న బిల్లును క్లాజు తర్వాత క్లాజుగా సభ ముందు పెట్టి, అవునన్నవారెవరు, కాదన్నవారెవరు అని అడిగి లెక్క చెప్పాలి. న్యాయవాది ఒక పక్షం పట్టుకుని బతుకుతాడు, పట్టుకోవడమే ధర్మం. ఆ మనిషి పక్షం లేకుండా కూర్చోవడం నేర్చుకోవాలి. వకీలు చట్టసభకు వెళ్లడం అంత కష్టం కాదు. వకీలు సభాపతి కావడం వేరే సాధన.

1961 మే 6న, 9న లోక్‌సభ, రాజ్యసభ కలిసి ఒకేచోట కూర్చున్నాయి. మన పార్లమెంటు చరిత్రలో తొలి ఉమ్మడి సమావేశం అది. 108వ అధికరణం అప్పటిదాకా కాగితం మీదే ఉంది. ఉమ్మడి సమావేశానికి స్పీకరే అధ్యక్షుడు కాబట్టి అధ్యక్షత అయ్యంగార్ గారిది. విషయం వరకట్నం. పెళ్లిలో ఇచ్చేదాంట్లో ఏది కట్నం, ఏది కానుక అని రెండు సభలకూ పొత్తు కుదరలేదు. మనకు ఈ చర్చ ఎంత దగ్గరిదో వేరే చెప్పాలా? ఆడపిల్ల తండ్రిగా, మగపిల్లవాడి తండ్రిగా వేర్వేరు మాటలు మాట్లాడే ఇళ్లు ఇప్పటికీ మన చుట్టూ ఉన్నాయి. బిల్లు నెగ్గింది. జులై 1 నుంచి చట్టం అమలైంది. దానిలో పదును తక్కువని మనకు కోర్టులో రోజూ తెలుస్తూనే ఉంది. ఆ పదునులేనితనానికి బీజం ‘కానుక’ల దగ్గర వదిలిన సందులోనే ఉంది. ఆ సందు సభ వదిలింది, సభాపతి కాదు.

ఇక నేను ఒప్పుకోలేని సంగతి. 1961 ఏప్రిల్‌లో ఆచార్య కృపలానీ సభలో రక్షణ మంత్రి కృష్ణ మేనన్‌ను దుయ్యబట్టారు. ‘బ్లిట్జ్’ వారపత్రిక కృపలానీ పేరును వెక్కిరింపుగా విరిచి శీర్షిక పెట్టి, ఆయన మీద ఘాటైన వ్యాసం వేసింది. విషయం హక్కుల సంఘానికి వెళ్లింది. ఉల్లంఘన జరిగిందని సంఘం తేల్చింది. ఆగస్టు 29న సంపాదకుడు ఆర్.కె. కరంజియాను సభకు రప్పించి నిలబెట్టారు. స్పీకరు అయ్యంగార్ పీఠం నుంచి సభ తరఫున మందలించారు. నిర్ణయం సభది, ఆయన దాన్ని అమలు చేశారు, నిజమే. వ్యాసంలో మర్యాద లేదన్నదీ నిజమే. అయినా సభ తనకు జరిగిన అవమానానికి తానే ఫిర్యాదీ, తానే న్యాయమూర్తి కావడం మన వృత్తి మొదటి పాఠానికే విరుద్ధం. పత్రికను నిలబెట్టిన ఆ రోజు, పదమూడేళ్ల కిందట మాటలకు శిక్ష వద్దని వాదించిన సభ్యుడి గొంతు అక్కడ వినపడలేదు. పార్లమెంటు హక్కులు ఏమిటో 105వ అధికరణం కింద ఇవాళ్టికీ క్రోడీకరించలేదు. ఆ లోపం ఆయన ఒక్కరి ఖాతాలో వేయను. కానీ ఆ పని మొదలుపెట్టగల స్థాయి, అనుభవం అప్పట్లో ఆయనకు ఉన్నంతగా ఇంకొకరికి లేదు.

1962లో చిత్తూరు నుంచి మళ్లీ గెలిచి, వెంటనే బీహారు గవర్నరుగా వెళ్లారు. 1966-67 కరువు, 1967లో అక్కడ తొలి కాంగ్రెసేతర ప్రభుత్వం, రెండూ ఆయన హయాంలోవే. ఆ ఏడాది చివర పదవి వదిలి తిరుపతి తిరిగొచ్చారు. సంస్కృత విద్యాపీఠం పనుల్లో గడిపారు. 1978 మార్చి 19న, ఎనభై ఏడేళ్ల వయసులో కాలం చేశారు.

ఇంత చెప్పాక ఇవాళ్టి సంగతి మాట్లాడకుండా వెళ్లిపోతే ఆయన పేరు మీద ఉపన్యాసం ఇచ్చినట్టు కాదు. తొలి లోక్‌సభ 677 రోజులు కూర్చుంది. పదిహేడో లోక్‌సభ, అయిదేళ్ల పూర్తి కాలం ఉండి, 274 రోజులు. మధ్యలో కోవిడ్ వచ్చింది, ఒప్పుకుంటాను. అయినా తేడా ఒక్క కోవిడ్ మింగినది కాదు. ఆ పదిహేడో లోక్‌సభ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా డిప్యూటీ స్పీకరు లేకుండానే గడిచింది. 1954 డిసెంబరులో అయ్యంగార్ గారు కూర్చున్న ఆ కుర్చీ గురించే నేను చెబుతున్నది. స్పీకరు మీదే తీర్మానం వస్తే సభ ఎవరు నడపాలి? ప్యానెల్‌లో ఒకరు నడుపుతారని జవాబు. ప్యానెల్‌ను నియమించేది ఎవరు? స్పీకరే. ఒక పార్టీని అనడానికి ఈ మాట తేలేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఖాళీ కుర్చీ ఖాళీ కుర్చీయే.

లోపం ఎక్కడుందో వకీళ్లం కాబట్టి చూద్దాం. 93వ అధికరణం స్పీకరును, డిప్యూటీ స్పీకరును సభ వీలైనంత త్వరగా ఎన్నుకోవాలంటుంది. గడువు లేదు. సభా నియమాల ప్రకారం స్పీకరు ఎన్నిక తేదీ రాష్ట్రపతి నిర్ణయిస్తారు, డిప్యూటీ స్పీకరు ఎన్నిక తేదీ స్పీకరు నిర్ణయిస్తారు. ఆయన తేదీ పెట్టకపోతే అడిగే దిక్కు లేదు. గడువు లేని బాధ్యత ఎంతవరకు బాధ్యతో, వాయిదాల మీద బతికే మనకంటే బాగా ఎవరికి తెలుసు? స్పీకరు ఎన్నికైన 60 రోజుల లోపు డిప్యూటీ స్పీకరు ఎన్నిక జరగాలని, జరగకపోతే 61వ రోజు సభ ముందుకు ఆ అంశం దానంతట అదే రావాలని సవరణ కావాలి. దానికి ముసాయిదా ఒక పేజీ. రాజ్యాంగ సవరణ కష్టమనుకుంటే సభా నియమాల్లో ఎనిమిదోది మారిస్తే చాలు, అరపేజీ.

ఈ పని చేయడానికి ఢిల్లీ నుంచి ఎవరూ రానవసరం లేదు. ఆ ముసాయిదా ఈ బార్‌లోనే తయారు కావాలని నా కోరిక. రాజ్యాంగం తెలిసిన సీనియర్లు ఇద్దరు, రాసే ఓపిక ఉన్న విద్యార్థులు నలుగురు కలిస్తే నెల రోజుల పని. చిత్తూరు, తిరుపతి ఎం.పి.లిద్దరి చేతికీ, పార్టీ చూడకుండా, ఒకే ప్రతిని ఇద్దాం. ప్రైవేటు సభ్యుల బిల్లుగా పెట్టమందాం. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని రాతపూర్వకంగా అడుగుదాం. వచ్చే నెల బార్ సమావేశం అజెండాలో ఈ అంశం చేర్చమని కార్యదర్శి గారికి ఇవాళే కాగితం ఇచ్చాను. అధ్యక్షుల వారు అనుమతిస్తే, పని చేయడానికి ముందుకొచ్చే విద్యార్థులు ఈ సభ కాగానే తమ పేర్లు ఇవ్వవచ్చు.